మోకాలి కింద బంతి



హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉండాలని అంతర్జాతీయ హాకీ సమాఖ్య నియమావళి చెబుతుంది. క్రికెట్ బంతి బరువు కూడా ఇంచుమించు అంతే. క్రికెట్ బంతిని ఎదుర్కొనే పిల్లవాడు కాళ్లకు ప్యాడ్లు కట్టి, చేతులకు గ్లవ్స్ తొడిగి, తలకు హెల్మెట్ పెట్టి క్రీజులోకి వస్తాడు. అంతే బరువున్న హాకీ బంతి ముందు నిలబడే హైస్కూలు పిల్ల మేజోళ్లు, బూట్లు వేసుకుని వస్తుంది. చాలాచోట్ల ఆ మేజోళ్ల లోపల ఏమీ ఉండదు. కొన్నిచోట్ల బూట్లు కూడా ఉండవు.

నిజామాబాద్ ఆటల ఊరు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ టైటిల్ గెలిచిన నిఖత్ జరీన్ ఇక్కడి బిడ్డే. ఫుట్‌బాల్‌లో దేశానికి ఆడుతున్న గుగులోత్ సౌమ్యదీ ఈ జిల్లాయే. హాకీ విషయానికొస్తే, యెండల సౌందర్య ఈ పట్టణం నుంచే వెళ్లి భారత మహిళల జట్టు జెర్సీ వేసుకుంది. అంటే ఇక్కడి మైదానాల్లో ఆడే పిల్లల ఆటను సరదాకు కాలక్షేపం అనుకోవడానికి లేదు. వాళ్లలో ఎవరు ఎంత దూరం పోతారో ఎవరూ చెప్పలేరు. ఆ దూరం పోవాలంటే ముందు వాళ్ల పళ్లు, కళ్లు, మోకాళ్లు నిలవాలి.

బోధన్ వైపు పెద్దలకు ఈ మాట తేలిగ్గానే అర్థమవుతుంది. 1937లో శక్కర్‌నగర్‌లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరు తెచ్చుకుంది. మంజీర మీద కట్టిన నిజాంసాగర్ నీళ్లతో చెరుకు పండింది, ఆ చెరుకుతో ఫ్యాక్టరీ నడిచింది, ఆ ఫ్యాక్టరీతో ఊరు నడిచింది. 2015 చివర్లో అది మూతపడింది గానీ, అందులో పనిచేసిన తరం ఇంకా ఊళ్లో ఉంది. తిరిగే యంత్రం చుట్టూ కంచె ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెబుతుంది. చెరుకు గడలను పిప్పి చేసే రోలర్ల దగ్గర ఆ కంచె ఎందుకో అక్కడ పనిచేసినవాళ్లకు ఒకరు వివరించనక్కర్లేదు. వేలు పోయాక కంచె కట్టి లాభం లేదు. మరి ఆ కార్మికుడి మనవరాలు హాకీ ఆడే గ్రౌండులో, గోల్ వెనక వల చిరిగిపోయి ఉంటే, ఆ వల వెనకే చిన్న తరగతుల పిల్లలు కూర్చుని చూస్తుంటే, దాన్ని ఎందుకు పట్టించుకోరు? గోల్ వెనక వల కూడా కంచె లాంటిదే.

హాకీ నియమావళి తెరిస్తే అందులో రక్షణ సూత్రాలు చాలానే ఉంటాయి. ఆట తెలియనివాళ్లకు అవి గోల్ లెక్కల గొడవలా కనిపిస్తాయి. స్టిక్కు పొడవు 105 సెంటీమీటర్లు మించకూడదు, బరువు 737 గ్రాములు దాటకూడదు, 51 మిల్లీమీటర్ల వ్యాసమున్న రింగులోంచి దూరాలి, అంచులు పదునుగా ఉండకూడదు. ఇవన్నీ ఎదుటి పిల్ల చేతి వేళ్ల కోసం రాసుకున్నవి. పాతకాలపు మల్బరీ కర్ర స్టిక్కు విరిగితే విరిగిందని తెలిసేది. ఇప్పటి కార్బన్, ఫైబర్ స్టిక్కు పైకి బాగానే ఉన్నట్టుండి అంచున పీచులు లేస్తుంది. ఆ పీచు సూదిలా గుచ్చుకుంటుంది. దాని మీద టేపు చుట్టి ఇంకో సీజన్ లాగించడం మన బడుల్లో మామూలు. టేపు పట్టుకోసం చుట్టేది, పగులు దాచడానికి కాదు. పగిలిన స్టిక్కును పీఈటీ సారు ఆ రోజే పక్కన పడేయాలి.

అన్నిటికంటే విలువైన నియమం ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. బంతి నుంచి తప్పించుకోవడానికి ఒక ఆటగాడు న్యాయంగా ఒళ్లు పక్కకు తిప్పుకోవాల్సి వచ్చిందంటే ఆ బంతి ప్రమాదకరమైనదేనని నియమావళి అంటుంది. బంతి తగలనక్కర్లేదు. దెబ్బ తగిలి రక్తం రానక్కర్లేదు. పిల్ల భయపడి వంగింది, తల తిప్పుకుంది, చేయి అడ్డం పెట్టుకుంది అంటే చాలు, విజిల్ పడాలి, ఫ్రీ హిట్ ఆమె జట్టుకు పోవాలి. ఆటలో దెబ్బ తగలకముందే శిక్ష వేసే ఈ సూత్రం ఎంత గొప్పదో మన మండల స్థాయి పోటీలు చూసినవాళ్లకు తెలుస్తుంది. అక్కడ తరచూ జరిగేది దీనికి తలకిందులు. బంతి తొడ దాకా లేచి వస్తుంది, డిఫెండర్ పక్కకు దూకుతుంది, బంతి గోల్‌లోకి పోతుంది, చప్పట్లు మోగుతాయి. ఆ గోల్ చెల్లదు. దాన్ని చెల్లనిచ్చిన అంపైర్, వచ్చే మ్యాచ్‌లో ఇంకో పిల్ల మొహాన బంతి కొట్టించడానికి లైసెన్సు ఇచ్చినట్టే.

దీనికి తోడుగా మరో మూడు నియమాలు ఉన్నాయి. హైస్కూలు ఆటలో ఇవి పిల్లలకు నోటికి రావాలి. గోల్ కొట్టడానికి తప్ప మరెక్కడా హిట్ కొట్టి బంతిని కావాలని గాల్లోకి లేపకూడదు. అయిదు మీటర్ల లోపల ఉన్న ఎదుటి ఆటగత్తె మీదికి, ఫ్లిక్‌తో గానీ స్కూప్‌తో గానీ బంతిని లేపితే ప్రమాదం కిందే లెక్క. పైనుంచి దిగుతున్న బంతి కోసం ఒకరు కాచుకుని ఉంటే, వాళ్లు దాన్ని అందుకుని, అదుపు చేసి, నేలకు దించేదాకా ఎదుటివాళ్లు అయిదు మీటర్ల దూరంలోనే ఆగాలి. అయిదు మీటర్లంటే పెద్ద పిల్లల అడుగులు ఏడో ఎనిమిదో. ప్రాక్టీసు రోజున సున్నంతో ఆ దూరం గీసి చూపిస్తే, ఒక్క వారంలో కళ్లకు కొలత అలవాటవుతుంది.

అయితే ఈ నియమాలు ఏ నేలను మనసులో పెట్టుకుని తయారయ్యాయో కూడా ఆలోచించాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో హాకీ పచ్చిక మీంచి కృత్రిమ టర్ఫ్ మీదికి ఎక్కింది. ఆ ఏడాది భారత్ ఏడో స్థానంతో తిరిగొచ్చింది. టర్ఫ్ మీద బంతి గీత గీసినట్టు దొర్లుతుంది. ఎటు కొడితే అటే పోతుంది. హైదరాబాద్ గచ్చిబౌలిలో అలాంటి నేల ఉంది. నిజామాబాద్, బోధన్, ఎడపల్లి, రెంజల్ వైపు బడుల్లో పిల్లలు ఆడేది మొరం మీద, లేదంటే నల్లరేగడి మీద. వానాకాలంలో బురద, ఎండాకాలంలో నెర్రెలు. పశువులు నడిచిన గిట్టల గుంతలు అలాగే ఎండిపోయి ఉంటాయి. అలాంటి నేల మీద నున్నగా వస్తున్న బంతి చిన్న రాయి తగిలి మోకాలి ఎత్తుకు, ఒక్కోసారి గడ్డం ఎత్తుకు లేస్తుంది. కొట్టిన పిల్ల తప్పేమీ ఉండదు. అంపైర్ విజిల్ వేసేలోపు పని జరిగిపోతుంది.

అందుకే టర్ఫ్ మీద ఆడే పెద్దలకు రాసిన నియమావళిని మొరం మీద ఆడే పిల్లలకు ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే సరిపోదు. షిన్‌ప్యాడ్లు, చీలమండ రక్షణ, పళ్లకు మౌత్‌గార్డ్ వాడితే మంచిదని నియమావళి సిఫారసు చేస్తుంది, తప్పనిసరి అనదు. పెద్దవాళ్లు తమ ఒంటికి తామే బాధ్యులు కాబట్టి ఆ సిఫారసు వాళ్లకు చాలు. తొమ్మిదో తరగతి పిల్ల బాధ్యత బడిది. బడి దాన్ని సిఫారసుగా వదిలేయకూడదు. షిన్‌ప్యాడ్, మౌత్‌గార్డ్ లేకపోతే స్టిక్కు చేతికి ఇవ్వకూడదు. అమెరికాలో హైస్కూలు ఫీల్డ్ హాకీకి ఈ రెండూ ఎప్పటినుంచో తప్పనిసరి. అక్కడి హైస్కూలు క్రీడల సమాఖ్య ఇంకో అడుగు వేసి 2011 సీజన్ నుంచి కళ్లకు రక్షణ అద్దాలు కూడా పెట్టుకోవాలంది. అప్పుడు చాలామంది కోచ్‌లు ఒప్పుకోలేదు. అద్దాలు పెట్టుకుంటే పక్కచూపు తగ్గుతుందని, రక్షణ ఉందన్న ధీమాతో పిల్లలు మరీ దూకుడుగా ఆడి తలలు బద్దలు కొట్టుకుంటారని వాదించారు. ఆ తరవాత వైద్యులు రాష్ట్రాల వారీగా లెక్కలు తీసి చూస్తే అద్దాలున్నచోట కంటి గాయాలు బాగా తగ్గాయని తేలింది. తల గాయాలు పెరిగిన దాఖలా కనపడలేదు. వాదన ఎంత బలంగా ఉన్నా లెక్క ముందు నిలవలేదు.

ముఖానికి తగిలే దెబ్బ ఎంతదో చెప్పడానికి ఒక ఒలింపిక్ ఉదాహరణ చాలు. 2012 లండన్ ఒలింపిక్స్ మొదటి మ్యాచ్‌లో జపాన్ మీద ఆడుతున్న బ్రిటన్ కెప్టెన్ కేట్ వాల్ష్ దవడకు స్టిక్కు తగిలి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కొద్ది రోజుల్లోనే ఆమె ముఖానికి రక్షణ తొడిగి తిరిగొచ్చి ఆడింది, జట్టు కాంస్యం గెలిచింది. నాలుగేళ్లకు రియోలో ఆమె నాయకత్వంలోనే స్వర్ణం. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెప్పేవాళ్లు ఎక్కువ. కానీ ఆమె వెనక సర్జన్లున్నారు, క్షణాల్లో స్కానింగుకు పంపే వ్యవస్థ ఉంది. బోధన్ మండలంలో ఒక పల్లె బడి గ్రౌండులో అదే దెబ్బ తగిలితే పిల్ల తండ్రి ఆటో మాట్లాడుకోవాలి. ఆ తేడా గుర్తున్నవాళ్లు ఈ కథ చెప్పి పిల్లలను ఉసిగొల్పరు.

స్టిక్కు విషయంలో మనవాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 2024 ఆగస్టు 4, పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్, ప్రత్యర్థి బ్రిటన్. రెండో క్వార్టర్ మొదట్లోనే మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ స్టిక్కు పైకి లేచి విల్ కాల్నన్ తలకు తగిలింది. వీడియో చూసి రెడ్ కార్డు ఇచ్చారు. కావాలని కొట్టలేదని దేశమంతా వాదించింది. అయినా కార్డు నిలిచింది. మిగతా మ్యాచ్ అంతా పది మందితో ఆడి, 1-1తో నిలబడి, షూటౌట్‌లో 4-2తో భారత్ గెలిచింది. శ్రీజేష్ గోల్‌లో నిలబడ్డ తీరు ఎవరూ మరిచిపోలేరు. ఆ కార్డు వల్ల రోహిదాస్ సెమీఫైనల్‌కు దూరమయ్యాడు. జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం. తరవాత స్పెయిన్ మీద గెలిచి కాంస్యం తెచ్చుకున్నాం. ఒలింపిక్ ఆటగాడినే వదలని నియమం మండల స్థాయి మ్యాచ్‌లో ‘చిన్నపిల్లలే కదా’ అని సడలిపోవడం ఏ రకంగా చూసినా తప్పు. చిన్నపిల్లలు కాబట్టే అక్కడ ఇంకా గట్టిగా ఉండాలి.

అంపైర్ చేతిలో మూడు కార్డులుంటాయి. ఆకుపచ్చది త్రికోణం, పసుపుది చతురస్రం, ఎరుపుది గుండ్రం. ఆకుపచ్చకు రెండు నిమిషాలు బయట, పసుపుకు కనీసం అయిదు నిమిషాలు, ఎరుపుకు ఇక ఆట ముగిసినట్టే. మన అంతర్ పాఠశాలల పోటీల్లో ఆకుపచ్చ కార్డు జేబులోంచి బయటికి రావడమే అరుదు. తెలిసిన బడి, తెలిసిన సారు, తెలిసిన పిల్లలు. మొహమాటం. రెండు నిమిషాల శిక్షతో పిల్లలకు అవమానమేమీ జరగదు. స్టిక్కును భుజం పైకి తిప్పి కొట్టిన పిల్లవాడు ఆ రెండు నిమిషాలు గీత బయట కూర్చుంటే చాలు, తరవాత ఏడాదంతా ఆ స్టిక్కు కిందే ఉంటుంది.

ఇక గోల్‌కీపర్. ఇది ఇంకొంచెం నిదానంగా చెప్పుకోవాల్సిన సంగతి.

అప్పటి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన ఎతిమర్పు రజని భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చిన బృందంలో సవితతో పాటు ఉన్న రెండో గోల్‌కీపర్ ఆమే. ఆమె గోల్ ముందు నిలబడ్డ ఫొటో చూడండి. తలకు హెల్మెట్, ఛాతీకి కవచం, చేతులకు దిండుల్లాంటి గ్లవ్స్, కాళ్లకు నిలువు ప్యాడ్లు, పాదాల మీద కిక్కర్లు. హెల్మెట్, లెగ్‌గార్డ్లు, కిక్కర్లు లేకుండా గోల్‌కీపర్‌గా నిలబడడానికే నియమం ఒప్పుకోదు. మరి మన బడుల్లో? ఒక జత క్రికెట్ ప్యాడ్లు కట్టి, మోటారు సైకిల్ హెల్మెట్ ఒకటి పెట్టి, ధైర్యంగా ఉండే పిల్లను గోల్‌లో నిలబెట్టడం చాలాచోట్ల కనిపించే దృశ్యం. క్రికెట్ ప్యాడ్ పాదాన్ని కప్పదు. హాకీ గోల్‌కీపర్ తరచూ బంతిని ఆపేది పాదంతో. బండి హెల్మెట్ ముందు భాగం తెరిచి ఉంటుంది, అద్దం మూస్తే ఆవిరి పట్టి బంతి కనపడదు. ఇంకొన్ని బడుల్లో పూర్తి కిట్ ఒకటి ఉంటుంది, కానీ అది పెద్దవాళ్ల కొలత. ఛాతీ కవచం జారిపోయి గొంతు దగ్గర ఖాళీ మిగులుతుంది. సరిపోని కవచం తొడుక్కున్న పిల్ల తనకేమీ కాదన్న నమ్మకంతో బంతికి అడ్డం పడుతుంది. అందుకే అది కవచం లేకపోవడం కంటే ప్రమాదం.

కిట్ లేని బడి ఏం చేయాలి? ఆట మానుకోవాలా? అక్కర్లేదు. 2019 నుంచి ఉన్న నియమం ప్రకారం జట్టు పూర్తి రక్షణ తొడిగిన గోల్‌కీపర్‌తోనైనా ఆడొచ్చు, లేదా గోల్‌కీపరే లేకుండా పదకొండు మందీ మామూలు ఆటగాళ్లుగా ఆడొచ్చు. సగం కవచం తొడిగిన గోల్‌కీపర్ అనే మధ్య దారి అసలు లేదు. రెండు బడుల పీఈటీలు మాట్లాడుకుని, స్నేహపూర్వక మ్యాచ్‌లలో గోల్‌కీపర్లు వద్దని, గోల్ వెనక బోర్డు ఎత్తు అంటే 46 సెంటీమీటర్లు దాటిన షాట్ ఏదీ లెక్కలోకి రాదని ఒప్పందం చేసుకుంటే ఆట చక్కగా సాగుతుంది. దానివల్ల మరో మేలు కూడా ఉంది. బంతిని బలంగా కాక గురిచూసి కొట్టడం పిల్లలకు వస్తుంది.

ఆ 46 సెంటీమీటర్లు ఊరికే వచ్చిన అంకె కాదు. గోల్ లోపలి బోర్డు ఎత్తు అది. పదో తరగతి పిల్ల మోకాలి దగ్గరికి వస్తుంది. డిఫెండర్ల తప్పుకు ఇచ్చే పెనాల్టీ కార్నర్‌లో మొదటి షాట్ హిట్ అయితే గోల్ గీత దాటేటప్పుడు బంతి అంతకంటే పైన ఉండకూడదు. బంతిని స్టిక్కుతో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కు ఈ హద్దు లేదు, అందుకే అది భయంకరమైన ఆయుధం. గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో వస్తుంది. గోల్ గీత వెనక నిలబడ్డ అయిదుగురు డిఫెండర్లలో ఒకరు ఆ ఫ్లిక్కుకు ఎదురు పరుగెత్తాలి. అలా పరుగెత్తే పనిలో రోహిదాస్‌కు ప్రపంచంలోనే పేరుంది. అతను ముఖానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు పెట్టుకునే పరుగెత్తుతాడు. మన పిల్ల ఏమీ లేకుండా పరుగెత్తుతుంది. హైస్కూలు స్థాయిలో దీనికి సూటి జవాబు ఉంది. ముఖానికి మాస్కులు లేని పోటీలో డ్రాగ్ ఫ్లిక్ వద్దు. షాట్ అయిదు మీటర్ల లోపల ఉన్న డిఫెండర్‌కు మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్, మోకాలికి గానీ ఆ పైన గానీ తగిలితే డిఫెండర్లకే ఫ్రీ హిట్. ఈ తేడా తెలియని అంపైర్‌ను పిల్లల మ్యాచ్‌కు పెట్టకూడదు.

ఆట ఆపి గాయం చూడడం కూడా నియమమే. రక్తం వస్తున్న ఆటగాడు మైదానం దాటి వెళ్లాలి, కట్టు కట్టించుకుని గానీ తిరిగి రాకూడదు. రక్తం అంటిన బట్టలతో ఆడకూడదు. ఊడిపోయిన శాశ్వత దంతాన్ని వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని పాలలో వేసి, గంటలోపు డాక్టరు దగ్గరికి తీసుకుపోతే తిరిగి అతికే అవకాశం ఉంది. పాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. ఈ ఒక్క సంగతి పీఈటీకి తెలిస్తే ఒక పిల్ల నవ్వు మిగులుతుంది.

తల దెబ్బ దగ్గర మాత్రం ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎందుకంటే అది పైకి కనపడదు. రక్తం రాదు, వాపు ఉండకపోవచ్చు. పిల్ల ‘నాకేం కాలేదు సార్’ అంటుంది, ఎందుకంటే బయటికి పోతే సెలక్షన్ పోతుందని ఆమె భయం. తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, ఏ క్వార్టర్ ఆడుతున్నామో చెప్పలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజు ఆట ముగిసినట్టే. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ నిపుణులు కూర్చుని రాసుకున్న మార్గదర్శకాలు ఇదే చెబుతాయి. తల దెబ్బ అనుమానం వచ్చిన ఆటగాడు అదే రోజు తిరిగి ఆడకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు నెమ్మది విశ్రాంతి, ఆ పైన మెట్టు తరవాత మెట్టుగా, ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇచ్చి మళ్లీ మైదానానికి తేవాలి. స్పృహ తప్పినా, వాంతులు ఆగకపోయినా, మెడ నొప్పి ఉన్నా కదిలించకుండా 108కు ఫోన్ చేయాలి.

ఆడాలన్న ఆత్రం ముందు డాక్టరు మాట నెగ్గాలనడానికి ఇంటి ఉదాహరణే ఉంది. 2023 మేలో తాష్కెంట్ ప్రపంచ బాక్సింగ్ పోటీల్లో నిజామాబాద్ బాక్సర్ మహమ్మద్ హుసాముద్దీన్ సెమీఫైనల్ చేరాడు. మోకాలి గాయం వల్ల ఆ బౌట్‌లోకి దిగలేదు. కాంస్యంతో వచ్చాడు. ప్రపంచ పోటీ సెమీఫైనల్ వదులుకోవడం కంటే కష్టమైన నిర్ణయం ఒక ఆటగాడికి ఉండదు. అతను వదులుకోగలిగినప్పుడు, మండల స్థాయి ఫైనల్ కోసం తల తిరుగుతున్న పిల్లను మళ్లీ దించాల్సిన అవసరం ఏ బడికీ రాదు.

ఎండ గురించి నిజామాబాద్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంటిపూట బడుల రోజుల్లో పది దాటాక హాకీ పెట్టకూడదు, అంతే. నాలుగు క్వార్టర్ల మధ్య విరామాలను నీళ్ల కోసం వాడుకోవాలి. పిడుగులు పడే వానాకాలం సాయంత్రాల్లో మాత్రం లెక్క కచ్చితంగా ఉండాలి. మెరుపు కనపడిన 30 సెకన్లలోపు ఉరుము వినపడితే పిల్లలందరూ బడి గదుల్లోకి రావాలి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తరవాత అరగంట ఆగాలి.

కొందరికి ఇది రక్షణ విషయంగానే తోచదు గానీ, వయసు కూడా రక్షణే. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు 14, 17, 19 ఏళ్ల లోపు వర్గాలుగా జరుగుతాయి. పదమూడేళ్ల పిల్ల ఎదుట పదిహేడేళ్ల పిల్ల కొట్టే హిట్ వేరు. జనన ధ్రువపత్రంలో రెండేళ్లు తగ్గించి గెలిచిన కప్పు, ఎవరో ఒక చిన్న పిల్ల చేతి వేలు విరిగి వచ్చిన కప్పు కావచ్చు. అలాగే అమ్మాయిల జట్టు బయటి ఊరికి పోయేటప్పుడు వెంట ఒక మహిళా టీచరు ఉండడం, పడుకునే గదికి లోపల గడియ ఉండడం, ఏదైనా చెప్పుకోవాలంటే ఎవరికి చెప్పాలో ఆ పిల్లలకు ముందే తెలిసి ఉండడం, ఇవన్నీ షిన్‌ప్యాడ్ అంత అవసరం. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 చట్టం ఆటల మైదానానికీ వర్తిస్తుంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం ఆటగాళ్ల భద్రతా విధానాన్ని క్రీడా సంఘాల బాధ్యతల్లో చేర్చింది. ఢిల్లీలో కాగితం మీద రాసిన విధానం రెంజల్ బడి గ్రౌండు దాకా రావాలంటే ఆ దారిలో హెడ్‌మాస్టర్ ఉన్నారు, పీఈటీ ఉన్నారు, తల్లిదండ్రుల కమిటీ ఉంది.

డబ్బెక్కడిదని అడిగేవాళ్లు ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. షిన్‌ప్యాడ్లు పిల్లలు ఎవరికివారు కొనుక్కోలేకపోతే ప్రాక్టీసు చేసే పదిహేను మందికీ ఒక్కొక్క జత చొప్పున, వచ్చే ఏడు పిల్లలకు అందేలా బడి పేరున ఉంచొచ్చు. మౌత్‌గార్డ్ మాత్రం పిల్లకొకటి ఉండాలి, ఒకరిది ఒకరు పెట్టుకోకూడదు. వేడినీళ్లలో ముంచి పళ్ల అచ్చు తీసుకునే రకం ఖరీదైనదేమీ కాదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో చేసి రిటైరైన పెద్దలు, పసుపు మార్కెట్ వ్యాపారులు, వరి రైతు సంఘాలు బడి వార్షికోత్సవానికి మైకు సెట్టు, షామియానా ఇప్పిస్తుంటారు. ఈసారి ఆ చందాలో ఒక భాగం గోల్‌కీపర్ కిట్‌కు, పిల్లల కొలతలో, ఇప్పించమని అడగండి.

ఈ ఏడు సెలక్షన్లకు పిల్లలను బస్సెక్కించే రోజున హెడ్‌మాస్టర్లు, పీఈటీలు ఒక్క పది నిమిషాలు ఆగి ప్రతి పిల్ల సంచీ విప్పి చూడాలి. షిన్‌ప్యాడ్లు ఉన్నాయా, మౌత్‌గార్డ్ ఉందా, స్టిక్కు పగలలేదు కదా, తల్లిదండ్రుల ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఉందా. లేనివాళ్ల కోసం బస్సు ఆపండి. తెచ్చాకే బయల్దేరండి.